ఇంటిపన్ను రసీదు చూపిస్తేనే ఓటా?

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ పాఠకుల పేజీలో హన్మకొండ నుంచి ఒక పెద్దమనిషి రాసిన ఉత్తరం చదివాను. బీహార్ నుంచీ ఒడిశా నుంచీ వచ్చిన కూలీలతో మన ఊరు ఖరాబవుతోందని ఆయన బాధ. మూడు మందులు చెప్పారు. బయటి నుంచి వచ్చినవాళ్లకు ఇక్కడ ఓటు ఇవ్వొద్దు. నోటు తీసుకుని ఓటేసే బస్తీల వల్లనే రాజకీయం చెడింది కాబట్టి కార్పొరేషన్ ఎన్నికల్లో ఇంటిపన్ను రసీదు ఉన్నవాళ్లే ఓటెయ్యాలి. అదీ కనీసం పదో తరగతి పాసైతేనే. ఆఖర్న, అమెరికాలో పట్టణాలు అంత శుభ్రంగా ఉన్నాయంటే అక్కడ చదువుకున్నవాళ్లు ఓటేస్తారు కాబట్టే అని తేల్చేశారు.

ఆ ఆఖరి మాట లేకుంటే నేను కలం పట్టేదాన్ని కాదు.

నేను కరీమాబాద్‌లో పుట్టి పెరిగాను. మా నాన్న ఆజంజాహి బట్టల మిల్లు కార్మికుడు. డీఎస్సీ రాసి టీచర్ ఉద్యోగం తెచ్చుకుని, సర్కారు బడుల్లో సోషల్ చెప్పి 2018లో రిటైరయ్యాను. మా ఉద్యోగంలో పాఠం చెప్పడం సగమైతే ఎన్నికల పని ఇంకో సగం. బ్యాలెట్ పెట్టెలకు లక్క కరిగించి సీలు వేసిన రోజుల నుంచి ఈవీఎంల దాకా పోలింగ్ డ్యూటీలు చేశాను. కొన్నేళ్లు బీఎల్‌వోగా, అంటే బూత్ స్థాయి అధికారిగా, ఓటరు లిస్టు చంకన పెట్టుకుని గల్లీ గల్లీ తిరిగాను. రెండుసార్లు కుక్క కరిచింది, ఒకసారి వడదెబ్బ తగిలింది. ఓటు గురించి నేను పాఠాల్లో చెప్పింది కొంతయితే కాళ్లరిగేలా తిరిగి తెలుసుకున్నది ఎక్కువ.

ఇక అమెరికా. రిటైరైన ఏడాదే బిడ్డ కాన్పుకు షికాగో పోయి ఆరు నెలలు ఉన్నాను. మనవడు పడుకున్నాక చేసేదేముంది? బిడ్డ లైబ్రరీ నుంచి తెచ్చిన ఆ ఊరి చరిత్ర పుస్తకాలు డిక్షనరీ పక్కన పెట్టుకుని చదివేదాన్ని. 32 ఏళ్లు ఎవరెవరి చరిత్రనో బోర్డు మీద రాసినదాన్ని, నేను అన్నం తింటున్న ఊరి చరిత్ర తెలుసుకోకపోతే ఎట్లా అనిపించింది.

మన పెద్దమనిషి చెప్పిన మందులన్నీ ఆ దేశం 1870ల నుంచే ఒక్కొక్కటిగా వాడి చూసింది.

ఇంటిపన్నుతోనే మొదలుపెడతాను. 1860ల చివర్లో న్యూయార్క్ నగరం విలియం ట్వీడ్ అనే నాయకుడి గుప్పిట్లో ఉండేది. డెమొక్రాటిక్ పార్టీకి అక్కడ టామనీ హాల్ అనే బలమైన సంఘం ఉండేది, దానికి ఈయన పెద్ద. ఒక కోర్టు భవనాన్ని రెండున్నర లక్షల డాలర్లలో కడతామని మొదలుపెట్టి ఖర్చును కోటీ 20 లక్షల డాలర్లు దాటించారు. కాంట్రాక్టరు బిల్లు పెంచి రాస్తాడు, పెంచినదాంట్లో వాటాలు పైకి పోతాయి. ఇంత చెబితే చాలు, మనవాళ్లకు విడమరిచి చెప్పనక్కర్లేదు. 1871లో న్యూయార్క్ టైమ్స్ పత్రిక ఆ లెక్కలు బయటపెట్టింది. థామస్ నాస్ట్ అనే కార్టూనిస్టు వారం వారం ట్వీడ్ బొజ్జను గీసి గీసి వదిలిపెట్టాడు. ట్వీడ్ చివరికి 1878లో జైల్లోనే పోయాడు.

దొంగను పట్టుకున్నారు, మంచిదే. ఆ తరువాతే పెద్దమనుషులకు బుద్ధి పుట్టింది. ఇంత దొంగను గెలిపించింది ఎవరు? ఓడ దిగొచ్చిన ఐరిష్ కూలీలు. కాబట్టి వాళ్ల ఓటు సంగతి చూడాలి. ట్వీడ్ ఐరిష్ మనిషి కాదు, న్యూయార్క్‌లోనే పుట్టిన లోకల్. ఆ ముక్క ఎవరికీ గుర్తు రాలేదు. గవర్నర్ శామ్యూల్ టిల్డెన్ 1875లో ఒక కమిషన్ వేశాడు. అది 1877లో నివేదిక ఇచ్చింది. పట్టణాల్లో పన్నులూ ఖర్చులూ చూడటానికి ఒక ఆర్థిక బోర్డు ఉండాలి, పెద్ద నగరాల్లో ఆ బోర్డును ఎన్నుకునే ఓటు 500 డాలర్ల ఆస్తికి పన్ను కట్టేవాళ్లకో, ఏటా 250 డాలర్ల కిరాయి కట్టేవాళ్లకో మాత్రమే ఉండాలి అని. మన హన్మకొండ ఉత్తరమే, కాకపోతే డాలర్లలో.

శాసనసభ దాన్ని ఒకసారి ఒప్పుకుంది. రాజ్యాంగ సవరణ కాబట్టి ఎన్నికలయ్యాక కొత్త సభ కూడా ఒప్పుకోవాలి. ఆ ఎన్నికల్లో కూలీలకు ఇంకా ఓటుంది కదా, కొత్త సభ దాన్ని ముట్టుకోలేదు. కూలీ ఓటు ఉండబట్టే కూలీ ఓటు మిగిలింది.

మిగలనిచోట ఏమైందో కూడా చెబుతాను. అమెరికా దక్షిణాదిలో నల్లజాతివాళ్లకు అంతర్యుద్ధం తరువాత ఓటొచ్చింది. 1890లో మిసిసిపీ రాష్ట్రం రాజ్యాంగం మార్చి ఓటుకు రెండు డాలర్ల పన్ను పెట్టింది, దాంతోపాటు రాజ్యాంగంలోని ఏదో ఒక భాగం చదవాలి, లేదా చదివి వినిపిస్తే అర్థం చెప్పాలి అని నిబంధన పెట్టింది. అర్థం సరిగ్గా చెప్పాడా లేదా అని తేల్చేది తెల్ల గుమాస్తా. నేను 32 ఏళ్లు పేపర్లు దిద్దినదాన్ని. ఫెయిల్ చెయ్యాలని ముందే అనుకుంటే ఎవర్నయినా ఫెయిల్ చెయ్యొచ్చని నాకు తెలుసు. ఇదంతా వాళ్లు రాజకీయాలను శుభ్రం చెయ్యడం అనే పేరుతోనే చేశారు. తరువాత మిగతా రాష్ట్రాలూ అదే దారి పట్టాయి. లూసియానాలో 1896లో లక్షా 30 వేల మంది నల్లజాతి ఓటర్లు లిస్టులో ఉండేవారు. 1904 నాటికి మిగిలింది 1,342 మంది. మా బూత్ ఒక్కదాంట్లోనే దాదాపు అంతమంది ఉండేవారు.

పదో తరగతి పాస్ షరతు ఉంది కదా, దానికీ ముత్తాత ఉన్నాడు. 1894లో బోస్టన్‌లో హార్వర్డ్‌లో చదువుకున్న కుర్రాళ్లు కొందరు వలసలను ఆపాలని ఒక సంఘం పెట్టారు. ఇటలీ, రష్యా, పోలండ్ నుంచి వచ్చేవాళ్లకు ఓడరేవులోనే చదవడం వచ్చా రాదా అని పరీక్ష పెట్టాలి, రాకపోతే వెనక్కి పంపాలి అన్నారు. 1897లో ఆ బిల్లు ప్రెసిడెంట్ క్లీవ్‌లాండ్ బల్ల మీదికొస్తే ఆయన తిప్పి పంపాడు. 1917లో మళ్లీ ఇంకో ప్రెసిడెంట్ వద్దన్నా వినకుండా పాస్ చేసుకున్నారు. చైనావాళ్లకైతే పరీక్ష కూడా లేదు, 1882లోనే కూలీలు రావొద్దని తలుపేశారు. రైలు పట్టాలు వెయ్యడానికి మాత్రం అంతకుముందు పనికొచ్చారు.

షికాగో కథ వింటే నవ్వొస్తుంది. 1871లో ఆ ఊరు తగలబడి దాదాపు లక్ష మంది రోడ్డున పడ్డారు. ఓలియరీ అనే ఐరిష్ ఆవిడ కొట్టంలో ఆవు లాంతరును తన్నడం వల్లే అంటుకుందని ప్రచారం చేశారు. ఆ ఆవు కథ పుట్టించింది మేమేనని తరువాత ఒక విలేకరి ఒప్పుకున్నాడు. అయినా ఆవిడ బతికినన్నాళ్లూ ఆ నింద మోసింది. షికాగో కౌన్సిల్ ఆవిడ తప్పేం లేదని తీర్మానం చేసేసరికి 1997 వచ్చింది. మన దగ్గర మోరీ నిండినా బీహారోడే, చెయిన్ స్నాచింగ్ జరిగినా బీహారోడే.

సంస్కరణలన్నీ చెడ్డవని నేను అనడం లేదు. 1881లో ప్రెసిడెంట్ గార్ఫీల్డ్‌ను ఉద్యోగం దొరకని ఒక మనిషి కాల్చాడు. అప్పట్లో ఏ పార్టీ గెలిస్తే ఆ పార్టీవాళ్లకే సర్కారు కొలువులు. ఆ కాల్పుల తరువాత 1883లో కొన్ని ఉద్యోగాలకు పరీక్ష పెట్టే చట్టం తెచ్చారు. దీనిమీద నాకు పేచీ లేదు. మిల్లు కార్మికుడి బిడ్డ టీచరైందంటే పరీక్ష పుణ్యమే, మా ఇంట్లో ఏ నాయకుడి సిఫారసు ఉత్తరమూ లేదు.

రహస్య ఓటు కూడా అట్లాంటిదే. పోలింగ్ డ్యూటీ చేసినదాన్ని కాబట్టి ఇది కొంచెం వివరంగా రాస్తాను. 1880ల దాకా అమెరికాలో బ్యాలెట్ కాగితం ప్రభుత్వం అచ్చువేసేది కాదు. ఏ పార్టీ కాగితం ఆ పార్టీయే అచ్చేసుకునేది. చాలాచోట్ల ఒక్కో పార్టీది ఒక్కో రంగు. పోలింగ్ దగ్గర పార్టీ మనిషి నీ చేతిలో కాగితం పెడతాడు, నువ్వు అందరూ చూస్తుండగా తీసుకెళ్లి పెట్టెలో వెయ్యాలి. ఫ్యాక్టరీ మేస్త్రీ ఎదురుగా నిలబడితే ఇంకో రంగు కాగితం ఎట్లా పట్టుకుంటావు? ఓటు కొన్నవాడికి సరుకు కళ్లముందే కనబడుతుంది. ఆస్ట్రేలియాలో 1856 నుంచే ప్రభుత్వం అచ్చేసిన ఒకే కాగితం, చాటున గుర్తు పెట్టుకునే పద్ధతి ఉంది. 1888లో మాసచూసెట్స్ రాష్ట్రం దాన్ని తెచ్చుకుంది, నాలుగైదేళ్లలో చాలా రాష్ట్రాలు తెచ్చుకున్నాయి. మంచి పని.

అయితే అందులో ఒక తిరకాసు ఉంది. రంగు కాగితమైతే చదువు రానివాడికి కూడా తన పార్టీ ఏదో తెలుస్తుంది. కొత్త కాగితం మీద చాలాచోట్ల ఉన్నవన్నీ అక్షరాలే. ఇంగ్లీషు రాని ఇటలీ కూలీ, అక్షరం రాని నల్లజాతి రైతు చాటుకు పోయి ఆ కాగితంతో ఏం చేసుకోవాలి? టెన్నెసీ లాంటి చోట్ల అదే కావాలని ఈ చట్టం తెచ్చారు. ఎవరినీ కొట్టలేదు, ఓటు వద్దనలేదు. చేతికి ఒక కాగితం ఇచ్చారంతే.

మన దేశం 1951-52లో మొదటి ఎన్నికలు పెట్టినప్పుడు పదిమందిలో ఎనిమిది మందికి పైగా చదువు రాదు. సుకుమార్ సేన్ గారు, మొదటి చీఫ్ ఎలక్షన్ కమిషనర్, ఏం చేశారు? చదువు వచ్చాక రండి అనలేదు. బొమ్మలు పెట్టారు. ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె, పెట్టె మీద గుర్తు. నేను ఒకసారి పరకాల దిక్కు ఊళ్లో డ్యూటీలో ఉండగా 80 ఏళ్ల ముసలమ్మ ఒకావిడ వచ్చింది. వేలికి సిరా పెట్టించుకుంది, స్వస్తిక్ ముద్ర చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. "బిడ్డా, తలకిందులు గుద్దితే చెల్లదా?" అని అడిగింది. ఎటు గుద్దినా చెల్లుతుందమ్మా, గీత మీద మాత్రం పడనియ్యకు అన్నాను. అట్ట చాటుకు పోయి ఐదు నిమిషాలు రాలేదు. వెనక లైన్లో ఉన్న చదువుకున్న కుర్రాళ్లు విసుక్కున్నారు. ఆవిడ బయటికొచ్చి కాగితాన్ని సిరా అంటకుండా నిలువునా మడిచి, మళ్లీ అడ్డంగా మడిచి, పెట్టెలో వేసి, పెట్టెకు దండం పెట్టి పోయింది. అంత శుభ్రంగా మడిచినవాళ్లను నా సర్వీసులో పదిమందిని కూడా చూడలేదు. లెక్కింపు డ్యూటీలో చెల్లని ఓట్ల కట్ట పట్టుకున్నవాళ్లనెవరినైనా అడగండి, పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికల్లో ఎన్ని చెల్లవో చెబుతారు.

ఇప్పుడు ఆ పెద్దమనిషి చెప్పినదాంట్లో నిజం ఉన్న ముక్కకు వస్తాను. బస్తీలో నోట్లు పంచుతున్నారు, నిజం. పనుల్లో పర్సెంటేజీలు తినే నాయకుడే మళ్లీ మళ్లీ గెలుస్తున్నాడు, అదీ నిజం. ఎందుకు గెలుస్తున్నాడు అనేదాంట్లోనే మా ఇద్దరికీ తేడా.

షికాగోలో హాల్‌స్టెడ్ వీధిలో యూనివర్సిటీ భవనాల మధ్య ఎర్ర ఇటుకల పాత ఇల్లు ఒకటుంది. దాని పేరు హల్ హౌస్. ఇప్పుడు మ్యూజియం. అల్లుడు ఒక శనివారం తీసుకుపోయాడు. చీర మీద కోటు, కాళ్లకు బిడ్డ బూట్లు, నెత్తికి మంకీ క్యాప్ — నన్ను చూసి మ్యూజియం వస్తువేమో అనుకుని ఉంటారు. 1889లో జేన్ ఆడమ్స్, ఎలెన్ గేట్స్ స్టార్ అనే ఇద్దరు ఆడవాళ్లు ఆ ఇంట్లో దిగి, చుట్టూ ఉన్న వలస కూలీల కోసం పిల్లల గది, క్లాసులు, స్నానపు గదులు ఒక్కొక్కటీ మొదలుపెట్టారు. 1870లో మూడు లక్షలున్న షికాగో జనాభా 1890కి దాదాపు 11 లక్షలైంది. అందులో నాలుగింట మూడొంతులకు పైగా పరాయి దేశంలో పుట్టినవాళ్లు, లేదా వాళ్ల పిల్లలు.

నన్ను కదలనివ్వనిది అక్కడి మ్యాపు. 1893లో ఫ్లోరెన్స్ కెల్లీ అనే ఆవిడ ఇంకొందరితో కలిసి ఆ చుట్టుపక్కల ఇంటింటికీ తిరిగి ఎవరు ఏ దేశం, ఏం పని, వారానికి ఎంత కూలి అని రాసుకుంది. రెండేళ్లకు అది పుస్తకమై వచ్చింది, దాంతోపాటు మ్యాపులు. దేశానికో రంగు. ఆ చిన్న ముక్కలోనే 18 దేశాలవాళ్లు. ఒక్క ఇంటి జాగాలోనే నాలుగు రంగులు చారలుగా ఉన్నాయి. అల్లుడు "అత్తయ్యా, కాళ్లు నొస్తున్నయా, కూర్చుంటరా?" అని అడిగాడు. కాళ్లు కాదు నాయనా, ఇది నా బీఎల్‌వో రిజిస్టరు అన్నాను. ఆయనకు అర్థం కాలేదు.

ఆ వార్డులో చెత్త ఎత్తేవాళ్లు కాదు. కాంట్రాక్టు మాకివ్వండి అని జేన్ ఆడమ్స్ 1895లో టెండర్ వేసింది. ఏదో సాకుతో దాన్ని కొట్టేశారు గానీ, మేయర్ ఆమెను ఆ వార్డుకు చెత్త ఇన్‌స్పెక్టరుగా పెట్టాడు. పొద్దున్నే ఆరింటికి లేచి చెత్తబండ్ల వెనక నడిచేది. ఒక సందులో చెత్త తీయిస్తుంటే కింద బాట బయటపడింది. అక్కడ బాట ఉందని ఎవరికీ తెలియదు. ఆ సందులోని ఇటలీవాళ్లు పెద్దగా ఆశ్చర్యపోలేదట. పాతిపెట్టిన పట్టణాలను తవ్వి తీయడం వాళ్ల దేశంలో మామూలే కదా అని ఆమె నవ్వుతూ రాసుకుంది. ఖిలా వరంగల్ పక్కన పెరిగిన మనకు ఆ జోకు బాగానే అర్థమవుతుంది.

ఆ వార్డు ఆల్డర్‌మన్, అంటే మన కార్పొరేటర్ లాంటివాడు, జానీ పవర్స్. ట్రాముల కంపెనీలకు లైసెన్సులు ఇప్పించడంలో ఆరితేరినవాడు. జేన్ ఆడమ్స్ 1896లో, 1898లో అతని మీద మనుషులను నిలబెట్టింది. రెండుసార్లూ పవర్సే గెలిచాడు. ఆమెకు సొంత ఓటు కూడా లేదన్న సంగతి మరవకండి. ఇలినాయ్‌లో ఆడవాళ్లకు మున్సిపల్ ఓటు వచ్చింది 1913లో.

ఓడినప్పుడు ఆమె జనాన్ని తిట్టలేదు. ఎందుకు ఓడామో కూర్చుని రాసింది. నేను ఆ పేజీలు మూడుసార్లు చదివాను. పవర్స్ ఉద్యోగాలిప్పిస్తాడు, బెయిలు ఇప్పిస్తాడు, క్రిస్మస్‌కు టన్నులకొద్దీ టర్కీ కోళ్లు పంచుతాడు. మన దగ్గర దసరాకు కోడి, క్వార్టర్ సీసా అనుకోండి. అన్నిటికన్నా పెద్దది, అతను చావులకు పోతాడు. పేదవాడి చావు పరువుగా జరిగేలా చూస్తాడు.

అక్కడ ఆమె తన తప్పు ఒకటి చెప్పుకుంది. హల్ హౌస్ పిల్లల గదిలో ఎవరో ఒక రోగిష్టి పసికందును వదిలేసి పోయారు. ఎంత చూసుకున్నా దక్కలేదు. సరే, కౌంటీ బండి, అంటే దిక్కులేనివాళ్లను పూడ్చే సర్కారు బండి, పిలిపించి పూడ్పించేద్దాం అనుకున్నారు. బండి 11 గంటలకు రావాలి. తొమ్మిదింటికే ఈ సంగతి వాడకట్టంతా పాకింది. అరడజను మంది ఆడవాళ్లు పరుగెత్తుకొచ్చారు. సర్కారు బండిలోనా, పిల్లనా అని గొడవ. పూట గడవని ఇళ్లవాళ్లు అప్పటికప్పుడు చందా వేసుకున్నారు. బతికినన్నాళ్లు చేయాల్సినదంతా చేశాం కదా అని అనుకున్న చదువుకున్న ఆడవాళ్లకు, తాము ఎంత పొరపాటు చేయబోయారో అప్పుడు తెలిసింది. ఆ బండి అంటే ఆ వాడకట్టుకు ఎంత భయమో జానీ పవర్స్‌కు ముందే తెలుసు.

ఇది చదువుతుంటే నాకు మన ఊరే గుర్తొచ్చింది. 2016లో ఓటరు నమోదు కోసం ఊరి చివర ఒక రైస్ మిల్లు వెనక రేకుల షెడ్డుకు పోయాను. మధ్యాహ్నం భోజనం వేళ. మొఖాల మీద, కనురెప్పల మీద తవుడు దుమ్ము. అందరూ బీహార్ హమాలీలు, కొందరు పెళ్లాం పిల్లలతో ఉంటున్నారు. ఒకాయన అక్కడికొచ్చి అప్పటికే తొమ్మిదేళ్లు. ఆయన కొడుకు మా బడిలోనే నాలుగో తరగతి, తెలుగు మీడియం. నన్ను చూడగానే లేచి నిలబడి, ఎవరూ అడగకుండానే వేమన పద్యం అప్పజెప్పాడు. ఫారం-6 తీసి, సొంతూళ్లో ఓటుందా అని తండ్రిని అడిగాను. ఎప్పుడో తీసేశారన్నాడు. ఇక్కడ ఓటిప్పిస్తే ఎవరికేస్తావని నేను అడగలేదు, అడగకూడదు కూడా. ఆయనే చెప్పాడు: "టీచరమ్మా, ఓటొస్తే కార్పొరేటర్ సాబ్‌కే ఏస్త."

ఆ కార్పొరేటర్ సంగతి నాకు తెలుసు. మా గల్లీ సీసీ రోడ్డు రెండో వానకే లేచిపోయింది. ఎందుకు అంత ప్రేమ అని అడిగాను. ముందటేడు బస్తాల వరుస కూలి వాళ్ల ఊరి కుర్రాడు చనిపోయాడట. మిల్లు ఆసామి ఫోనెత్తలేదు. శవం మార్చురీలో రెండు రోజులుంది. మూడోరోజు ఎవరో చెబితే ఈ కార్పొరేటర్ వచ్చి, కాగితాల పని చేయించి, అంబులెన్స్ మాట్లాడి, తన జేబులోంచి 20 వేలు ఇచ్చి శవాన్ని వాళ్ల ఊరికి పంపాడు. మిగతాది షెడ్డువాళ్లు తలా ఇంత వేసుకున్నారు. పద్యం చెప్పిన పిల్లవాడు తన కిడ్డీ బ్యాంకు పగలగొట్టి 46 రూపాయలు ఇచ్చాడట. తండ్రి ఆ 46 మాట రెండుసార్లు చెప్పాడు.

ఇప్పుడు చెప్పండి, అతను ఓటు అమ్ముకున్నాడా? అమ్ముకోవడానికి అతనికి అప్పుడు ఓటే లేదు. నేను ఆ ఫారం నింపాను కూడా. చిరునామాకు కాగితం కావాలంటే మిల్లు ఆసామి ఇవ్వనన్నాడు. ఫారం అట్లాగే ఆగిపోయింది.

నోటుకు ఓటు అనేది ఒక్క బస్తీ జబ్బూ కాదు. ఎన్నికల ముందు అపార్ట్‌మెంట్ సంఘాలకు సీసీ కెమెరాలు, లిఫ్టు రిపేరు, బోరు మోటారు ఎవరు పెట్టించారో ఆ పెద్దమనిషి తన మెట్ల కింద చూసుకోవాలి. దానికి పేరు డెవలప్‌మెంట్. షెడ్డులో పంచితే లంచం.

కార్పొరేటర్ తన జేబులోంచి తీసి చేసిన పనిని సర్కారే చెయ్యొచ్చు కదా. వలస కూలీ చనిపోతే శవం ఇంటికి పోయే ఏర్పాటు ఎవరికీ దండం పెట్టనక్కరలేకుండా జరగాలి. మరణ ధ్రువపత్రం, దవాఖాన చీటీ, బడిలో సీటు ఎవరి ఫోను లేకుండా దొరకాలి. అప్పుడు సీసీ రోడ్డు ఎందుకు లేచిపోయిందని ఆ హమాలీ కూడా అడుగుతాడు. ఇప్పుడు ఎట్లా అడుగుతాడు? కుర్రాడి శవం బాకీ ఉన్నాడు.

ఇంకో మాట. మనం బయటివాళ్లం కాని ఊరేది? బొంబాయిలో కామాఠీపుర అనే పేరు మన తెలంగాణ దిక్కు నుంచి పోయి అక్కడ మట్టీ రాళ్లూ మోసిన కామాఠీలను బట్టి వచ్చిందే. ఆజంజాహి మిల్లులో పనులు తగ్గినప్పుడు మా చిన్నాయన కుటుంబం సూరత్ పోయింది. సిరిసిల్ల నుంచి, మా కరీమాబాద్ నుంచి ఎన్ని పద్మశాలి కుటుంబాలు సూరత్, భివండీ పోయాయో లెక్క లేదు. ఒక వేసవి సెలవులకు నేనూ పోయాను. మగ్గాల చప్పుడులో పక్కన మనిషి మాట వినబడేది కాదు. నల్లా దగ్గర బిందె పెడితే అక్కడి ఆవిడ ఒకామె దాన్ని కాలితో జరిపి, ఈ మద్రాసీలు వచ్చాకే నీళ్లు చాలడం లేదు అంది. మద్రాసు ఎట్లా ఉంటుందో మా చిన్నమ్మకు తెలియదు. బిందె మళ్లీ లైన్లో పెట్టి నిలబడింది.

జగిత్యాల, నిజామాబాద్‌లో గల్ఫ్ నుంచి శవపేటిక కోసం ఎదురుచూడని ఊరుందా? దుబాయి నుంచి పెట్టె రావడానికి నెల పట్టిందని మీ పత్రికే ఎన్నోసార్లు రాసింది.

నా బిడ్డ షికాగోలో ఉండబట్టి 14 ఏళ్లు. గ్రీన్ కార్డు లైన్లో ఉంది. సొంత ఇల్లు కొనుక్కున్నారు, మన పెద్దమనిషి షరతు ప్రకారం ఇంటిపన్ను ఠంచనుగా కడుతుంది. మాస్టర్స్ డిగ్రీ ఉంది. ఓటు మాత్రం లేదు. ఆ రోజుల్లో అయితే విస్కాన్సిన్, నెబ్రాస్కా లాంటి కొన్ని రాష్ట్రాల్లో పౌరసత్వం తీసుకుంటానని అర్జీ పెట్టుకున్న మగవాళ్లకు అప్పుడే ఓటు ఇచ్చేవారట. ఆ పద్ధతి పోతూ పోతూ 1926లో పూర్తిగా పోయింది. ఇది ఫోన్లో చెబితే బిడ్డ నవ్వింది. అమ్మా, మీ హన్మకొండ పెద్దమనిషి ఉత్తరం ఇంగ్లీషులో రాస్తే ఇక్కడి పేపర్లో అట్లాగే వేసుకుంటారు, బీహార్ తీసేసి ఇండియా అని పెడితే సరిపోతుంది అంది.

ఉత్తరం పొడవైంది. మీరు ఎక్కడ కత్తిరించినా ఫరవాలేదు గానీ ఆ పసికందు ముచ్చట ఉంచండి.

మిల్లు షెడ్డులో వేమన పద్యం చెప్పిన పిల్లవాడికి ఈ ఏడు 18 నిండాయి. ఐటీఐ చదువుతున్నాడు. వాళ్లు షెడ్డు వదిలి కిరాయి గదికి మారారు, ఇంటావిడ కరెంటు బిల్లు ఇస్తానంది. నిన్న సాయంత్రం ఫారం-6 తెచ్చుకుని మా ఇంటికొచ్చాడు. అన్నీ నింపాక సంతకం దగ్గర ఆగి, "టీచర్, తెలుగుల పెట్టాల్నా, హిందీల పెట్టాల్నా?" అని అడిగాడు. నీకు ఏది బాగా వస్తే అది పెట్టు అన్నాను.

"మాట్లాడుడు రెండూ వస్తయి. రాసుడు తెలుగే మంచిగొస్తది" అని, నా పెన్ను తీసుకుని, నాలుకను పంటి కింద పట్టి మెల్లగా రాశాడు. వాడి దస్తూరీ నాలుగో తరగతిలో ఎట్లుండెనో ఇప్పుడూ అట్లనే ఉంది, తలకట్లన్నీ పక్క అక్షరం మీదికి పోతాయి.

ఇట్లు,
రిటైర్డ్ సోషల్ టీచర్,
కరీమాబాద్, వరంగల్